దీర్ఘం లేని యూదా

మొన్న పొద్దున ఒక కోడిగుడ్డు మీద అక్షరదోషం చూసి, కూర్చున్న కుర్చీలోంచి జారేదాకా నవ్వాను. దోసె గరిటె చేత్తో పట్టుకుని మా కోడలు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. "ఏమైందత్తమ్మా?" అంటే నవ్వుతూనే గుడ్ల యంత్రం వైపు వేలు చూపించాను. పాపం, వేడి ఎక్కువైందేమోనని అంకెలు చూసుకుని, అంతా బాగానే ఉందని నాకే ధైర్యం చెప్పి, మాడుతున్న దోసె దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ యంత్రం ఆమె కొనిపెట్టిందే. బడి ఉద్యోగం అయిపోయాక కడపలో నాకేమీ తోచక, పెరట్లో నాలుగు నాటుకోళ్ళు పెంచుకుంటానని రోజూ ప్రాణం తీస్తుంటే, పొదిగే కోడి ఎక్కడ దొరుకుతుందిలే అని ఈ డబ్బా తెప్పించింది. బోర్లించిన అన్నం గిన్నెలా ఉంటుంది. లోపల పసుపు దీపం. పదమూడు గుడ్లు పెట్టాను. పన్నెండింటి మీద పన్నెండుమంది శిష్యుల పేర్లు, పదమూడో దాని మీద సిలువ గుర్తు, అన్నీ నా చేత్తో, మెత్తటి పెన్సిలుతో రాశాను. సిలువ గుడ్డులోంచి వచ్చే పిల్ల కోత పండగకు గుడికి అని మా తొమ్మిదేళ్ళ మనవరాలు మెర్సీకి చెప్పి ప్రార్థన చేయించాను. ఎనిమిదో రోజు చూద్దును గదా, ఒక గుడ్డు మీద "యుదా" అని ఉంది. ముప్పై ఆరేళ్ళు పలకల మీద తప్పులు దిద్దినదాన్ని. యూదాకు దీర్ఘం ఎగ్గొట్టేదాన్ని కాను.

కాను గానీ, ఒకప్పుడు ఎగ్గొట్టాను. అది చెప్పాలంటే జమ్మలమడుగు దిక్కున నల్లరేగడి నేలల మధ్య మా ఊరికి పోవాలి. మా నాయన ఆ ఊరి సంఘానికి ఉపదేశి. నెలకొకసారి వచ్చే అయ్యగారు ప్రభురాత్రి భోజనం ఇచ్చి వెళ్ళిపోతే, మిగతా దినాలన్నీ గంట కొట్టడం మొదలుకొని సమాధి కార్యక్రమం దాకా నాయనదే. గుడి పక్కనే మా మట్టి మిద్దె. ఇంటి వెనక కడప బండలు నిలబెట్టి కట్టిన కోళ్ళ గూడు. దానికి తలుపు కూడా బండే, సాయంత్రం జరిపి, కదలకుండా ఒక గుండు ఆనించాలి. ఆ గూటికీ, ఇంటికీ, నాయనకూ, మాకూ యజమాని మా అవ్వ. ఆమె దగ్గరికి పోతే ఆకువక్క వాసన, దాని కింద వేపనూనె వాసన, దాని కింద కోడి ఈకల వాసన. నలభై ఏళ్ళు దాటాక గుడిలో లాంతరు కింద అక్షరాలు నేర్చుకుంది. అందుకే ఒక్క గుణింతం కూడా పోనిచ్చేది కాదు. వేలు పెట్టి వాక్యం చదువుతూ, కొమ్ము దగ్గర కొమ్మంతా, దీర్ఘం దగ్గర దీర్ఘమంతా సాగదీసేది. అవ్వ ఒక అధ్యాయం చదివేసరికి సంగటి ఉడికి, దిగి, చల్లారిపోయేది.

అప్పుడు నాకు మెర్సీ వయసు. ఆ ముందటి ఏడు కొక్కెర తెగులొచ్చి గూడంతా ఊడ్చుకుపోయింది. మెడలు వాల్చి ఒక్కొక్కటే పడిపోతుంటే అవ్వ వాటికి పసుపు, వెల్లుల్లి నూరి పోసి, మోకాళ్ళ మీద ఏడ్చింది. చివరికి మిగిలింది ఒకే ఒక్క ముసలి పెట్ట. ఇంక గుడ్లు పెట్టదనుకున్నది కాస్తా వానలు పడ్డాక గుడ్లు పెట్టి, పొదుగుకు కూర్చుంది. అవ్వ దానికి ఆ దినమే సారమ్మ అని పేరు పెట్టింది. "ముసలితనంలో గర్భఫలమిచ్చినాడు, చూడండ్రా" అని వీధంతా చెప్పింది. ఈ పిల్లలు గనక గద్దకూ తెగులుకూ పోకుండా బతికితే, ఒకదాన్ని కోత పండక్కి గుడికిస్తానని మొక్కుకుంది. ఆ మొక్కుబడి మా ఇంట్లో అందరికీ తెలుసు. నాయన సంఘంలో నిలబడి ప్రకటించాడు కూడా.

గుడ్లు పొదగేసే రోజు మాత్రం తల్లీకొడుకులకు పెద్ద తగువు. అవ్వ గంపలో బూడిద, దాని మీద వేపాకు, దాని మీద గడ్డి పరిచి, ఉరుములకు గుడ్లు చెడకుండా ఒక ఇనుప మేకూ ఎండుమిరపకాయా పెట్టబోయింది.

"అమ్మా, ఉపదేశి ఇంట్లో ఏందిది? మూఢనమ్మకం" అన్నాడు నాయన.

"మేకు పెడితే ప్రభువుకేమన్నా గుచ్చుకుంటాదా?"

"సంఘం చూస్తే ఏమనుకుంటాది?"

అవ్వ మేకు తీసి, దాని బదులు మట్టల ఆదివారం నాటి ఎండిన ఈతాకు సిలువను గడ్డిలో దోపింది. మిరపకాయ సంగతి నాయన మర్చిపోయాడు, అది అలాగే ఉండిపోయింది. తర్వాత లెక్క దగ్గర మళ్ళీ తగువు. గుడ్లు బేసిలోనే పెట్టాలని అవ్వ. సరి ఏంది, బేసి ఏంది, అన్నీ దేవుని సృష్టే అని నాయన. అవ్వ ఆకు బుగ్గన పెట్టుకుని, "శిష్యులెంతమంది రా?" అంది.

"పన్నెండు."

"ప్రభువుతో కలిపితే?"

 ఆ దినం నుంచి మా ఇంట్లో గుడ్లు పదమూడే పొదగేసేది.

పొదిగే గుడ్ల మీద బొగ్గుతో గుర్తు పెట్టడం ఎక్కడైనా ఉన్నదే; వేరే కోడి వచ్చి పెట్టిన కొత్త గుడ్డును ఏరేయడానికి. మా ఇంట్లో గుర్తు కాస్తా శిష్యులయ్యింది. రాసే పని మా అన్న దానియేలుది. అన్నది ముత్యాల్లాంటి రాత. పేతురు, అంద్రెయ సులభంగానే అయిపోయారు గానీ నాటుకోడి గుడ్డు మీద బర్తొలొమయి పట్టక, గుడ్డు చుట్టూ తిరిగి తోక తలకు తగిలింది. నేను ఓపిగ్గా నా గుడ్డు వంతు కోసం కాచుకున్నాను. అది పక్కింటి కాశింబీ ఇచ్చిన గుడ్డు. పావడలో పెట్టుకుని, అడుగులో అడుగేసుకుంటూ నేనే మోసుకొచ్చాను. ఎర్రగా, అన్నిటికంటే పెద్దగా ఉంది. ఆఖర్న మిగిలింది రెండే. సారమ్మ సొంత గుడ్డు తీసి అవ్వ, "ఇది దేవునిది, సిలువ పెట్టు" అంది. ఇంక మిగిలింది నా గుడ్డు. మిగిలిన పేరు ఒకటే, ముప్పై వెండి నాణేలకు ప్రభువును పట్టిచ్చినవాడిది.

"సువార్తా, నీది యూదా!" అని మా అన్న ఎగిరి గంతేశాడు.

ఏడ్చాను, నేల మీద పడి దొర్లాను. "పేరుదేముందమ్మే, గుడ్డుకేమన్నా చెవులుండాయా?" అంది అవ్వ. మరుసటి రోజు ఆదివారపు బడిలో పిల్లలందరూ ఆ ఇస్కరియోతు యూదా పేరు నాకంటగట్టి ఇస్కరియోతమ్మా అని పిలిచారు. అక్కడితో నా ఓపిక అయిపోయింది. పొదిగే కోడి రోజుకొకసారి మేతకు లేస్తుంది. రెండో రోజు సారమ్మ అలా లేచి జొన్నలు తింటుంటే, నేను గంప దగ్గరికి పోయి, వేలికి ఉమ్మి తడి చేసుకుని, పావడ అంచుతో నా గుడ్డు మీది యూదాను తుడిచి, పొయ్యిలో బొగ్గు తెచ్చి సిలువ గీశాను. దేవుని గుడ్డు మీది సిలువను చెరిపి, దాని మీద యూదా అని రాశాను.  సారమ్మ తిరిగొచ్చి రెండింటినీ ఒకేలాగా కడుపు కిందికి తోసుకుంది.

ఎనిమిదో రోజు గుడ్ల పరీక్ష. మా మట్టి మిద్దెకు వెలుతురు కోసం పైన గవాక్షి అని ఒక కంత ఉండేది. పొద్దెక్కాక తలుపులు మూస్తే, చీకట్లో ఆ కంతలోంచి ఎండ ఒక కర్రలాగా దిగేది. అవ్వ ఆ ఎండలో గుడ్డు పెట్టి, పిడికిలి గొట్టంగా చుట్టి చూసేది. ఎర్రటి నరాలు కనిపిస్తే ప్రాణం ఉన్నట్టు.

"పేతురు" అని అన్న మొదటి గుడ్డు అందించాడు.

"మురిగినాడు" అంది అవ్వ.

వసారాలోంచి నాయన, "అమ్మా, ఆ మాట గుడి కాడ అనొద్దు" అన్నాడు.

"మురిగితే మురిగినాడనక ఏమంటారప్పా? తోమా యాడ?" తోమాను అటు తిప్పి ఇటు తిప్పి శానాసేపు చూసింది. "తోమా సంగతి అనుమానంగానే ఉండాది" అంది. ప్రభువు తిరిగి లేచాడంటే నమ్మనన్న శిష్యుడు తోమానే గదా, నాయన తలుపు తెరుచుకుని లోపలికొచ్చి, గోడకు తల ఆనించి, భుజాలు ఊగిపోయేలా నవ్వాడు. నాయన అలా నవ్వగా చూసింది అప్పుడే. నేను మాత్రం నవ్వలేదు. అవ్వ సిలువ గుడ్డును ఎండలో పెట్టి "స్తోత్రం" అంది. యూదాను పెట్టి, దగ్గరికి తెచ్చుకుని చూసి, ఏమీ అనకుండా గంపలో పెట్టేసింది. నరాలే చూస్తోందనుకున్నాను.

ఇరవయ్యో రోజు సారమ్మ మాట్లాడటం మొదలుపెట్టింది. గొంతు కిందుగా కొక్, కొక్ అంటే పెంకుల లోపలి నుంచి కీచుమని బదులు. కోడి తన పిల్లలను రెక్కల కింద చేర్చుకున్నట్టు అని ప్రభువు చెప్పిన మాట ఎన్నోసార్లు కంఠతా అప్పగించాను గానీ, గంపకు చెవి ఆనించిన ఆ పొద్దునే అది నాకు అర్థమైంది. ఇంకా పుట్టకముందే తల్లి గొంతు పోల్చుకుంటున్నాయి! పదమూడింట్లో పదకొండు పిల్లలైనాయి. మత్తయి సారమ్మ కాలి కింద చితికాడు. తోమా అందరికంటే ఒక రోజు ఆలస్యంగా, అవ్వ పాత గుడ్డలో చుట్టి పొయ్యి గట్టున పెట్టాక నమ్మి బయటికొచ్చాడు. సిలువ పెంకులోంచి వచ్చిన గోధుమ రంగు పిల్లకు అవ్వ కాలికి ఎర్రదారం కట్టింది. యూదా పెంకులోంచి నల్లటి పిల్ల, నుదుట తెల్లచుక్కతో వచ్చింది. గోధుమ రంగుది నాది, నల్లది దేవునిది. ఆ నిజం భూమి మీద నాకొక్కదానికే తెలుసు అనుకున్నాను.

ఇంక నా తిప్పలు చూడండి. ఎర్రదారం పిల్లను ఇంటిల్లిపాదీ కాపాడతారు. నల్లదాన్ని ఎవరూ పట్టించుకోరు. అది కొర్రల చాటలో మూతి పెడితే, "డబ్బు సంచి మోసినోడు గదా, దొంగబుద్ధి యాడికి పోతాది!" అని మా అన్న చెప్పు విసిరేవాడు. దేవుని సొమ్ము మీద చెప్పు! నేను అడ్డం పడి వీపున దెబ్బలు తిన్నాను. పొద్దున లేస్తూనే చెదల కుండ తిరగేసేదాన్ని. పాత కుండలో పేడ, చింకిపాత కుక్కి పుట్ట దగ్గర బోర్లిస్తే తెల్లారేసరికి దాని నిండా చెదలు పట్టేవి, పిల్లలకు అదే పాయసం. ముంగిస రాకుండా గోడ మీద తుమ్మకంప పరిచాను. సాయంత్రం బండ తలుపుకు అవ్వ ఒక గుండు ఆనిస్తే, నేను పోయి ఇంకో గుండు ఆనించేదాన్ని. దసరా సెలవుల్లో ఒక మధ్యాహ్నం గద్ద నీడ పెరట్లో గిర్రున తిరిగింది. సారమ్మ రెక్కలు చాపి అరిచింది. అన్నీ దాని కిందికి దూరాయి, నల్లది తప్ప. నేను ఎగిరి దాని మీద బోర్లా పడి, చేతికందిన పెద్ద గంపను నా మీదికి లాక్కున్నాను. గద్ద వచ్చి గంప మీదే వాలింది. గోళ్ళు గీరుతున్న చప్పుడు వీపు మీద వినబడుతోంది. నేను లోపలి నుంచి, వచ్చినంత గట్టిగా, కీర్తన ఎత్తుకున్నాను.

గోడ మీది నుంచి కాశింబీ గొంతు: "యా అల్లా! ఏం అవ్వా, మీ కోడికి కాళ్ళు ఇంత పొడుగుండాయి! పాటలు గూడా పాడతాండాదే!"

అలా కాచి కాచి, శనగలు ఇంటికొచ్చే కాలానికి పదకొండింట్లో పదకొండూ ఎదిగినాయి. ఊళ్ళో అది వింత. ఎర్రదారం పెట్ట అయింది, నల్లది పుంజు అయింది, తురాయి ఎర్రగా లేచింది. కోత పండగ వారం రానే వచ్చింది. ఆ వారం ఆదివారపు బడిలో నాయన చెప్పిన పాఠం, అననీయ సప్పీరాలు. దేవునికిచ్చే కానుక దగ్గర అబద్ధమాడి, మొదట మొగుడూ, మూడు గంటలకు పెళ్ళామూ, నిలబడినచోటే ప్రాణం విడిచిన కథ. నాయన బల్ల మీద చరిచి చూపించాడు కూడా.  ఎర్రదారం పెట్టను పీఠం దగ్గరికి మోసేది నేనేనని ముందే నిర్ణయమైపోయింది. పీఠం దాకా నడుస్తాను, నాయన అడుగుతాడు, నేను పడిపోతాను. కొత్త పావడతోనే పాతిపెడతారు.

శనివారం పొద్దున గూడు ఊడుస్తున్న అవ్వ దగ్గరికి పోయాను. "అవ్వా, నేను రేపు గుడిలో చచ్చిపోతా."

"పండగ పూట ఏం మాటమ్మే! కడుపునొప్పా?"

అంతా చెప్పేశాను. ఉమ్మి, పావడ అంచు, బొగ్గు, అన్నీ. ఏడుపులో సగం మాటలు మింగేశాను. అవ్వ చీపురు కింద పెట్టి, నింపాదిగా, "తెలుసులేమ్మే" అంది.

నా ఏడుపు టక్కున ఆగిపోయింది. "నీకెట్ల తెలుసు?"

"మీ యన్న రాసిన యూదాకు దీర్ఘం ఉండె. గవాక్షి కింద చూస్తే దీర్ఘం లేదు. కోడి గుడ్లను తిప్పుతాది గానీ, దీర్ఘాలు తింటాదా?"

"మరి నన్ను ఏంటికి అడగలేదు?"

"ఏంటికడగాల?" అవ్వకు అప్పటికే నవ్వు ఆగడం లేదు. ఆకువక్క ఎరుపు గడ్డం మీదికి కారింది. "పోయినేడు గూడంతా పాయె. ఈ ఏడు గద్దకొకటి పోయినాదా? ముంగిసకొకటి పోయినాదా? తప్పు జేసి భయపడేదానికంటే మంచి కావలి యాడ దొరుకుతాదే నాకు! ఆ దినమే అడిగింటే ఒప్పుకోని, నెత్తిన బరువు దించుకోని, తొక్కుడుబిళ్ళ ఆడుకోను పోయిందువు."

నాకు కోపమూ వచ్చింది, ప్రాణమూ వచ్చింది. అవ్వ నన్ను అక్కడే, కోడి పెంట మధ్యనే మోకాళ్ళేయించి, తానూ మోకరించి ప్రార్థించింది. "ప్రభువా, ఏది నీదో నీకే ఎరుక. రెండూ తెస్తాండాము, ఏరుకో. ఈ పిల్లను క్షమించు. దీనికి దీర్ఘాలు నేర్పించు. ఆమేన్."

మరుసటి రోజు గుమ్మడికాయలు, శనగ మూటలు, చెరుకు గడల మధ్య నేను ఎర్రదారాన్ని, అవ్వ నల్లపుంజును పట్టుకుని పీఠం దగ్గరికి పోయాము. "మొక్కుకున్నది ఒకటే గదమ్మా?" అన్నారు అయ్యగారు. "ఆయన్నే ఏరుకోమనండి" అంది అవ్వ. నేను పెట్టను గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. పడిపోలేదు. అయ్యగారు కళ్ళు మూసుకుని పొడుగాటి ప్రార్థన మొదలుపెట్టారు. సరిగ్గా ఆ ప్రార్థన మధ్యలో మా పుంజు మెడ సాచి కూసింది. ఆగి మళ్ళీ కూసింది. మూడోసారి కూడా కూసేసరికి, పేతురు మూడుసార్లు ప్రభువును ఎరగనన్నాక కోడి కూసిన కథ గుర్తొచ్చి, మా గుడ్ల సంగతి తెలిసిన ఎవరో మగవాళ్ళ వైపు నుంచి, "పేతురు మురిగిపోయినా కోడి మాత్రం కూసినాదప్పా!" అన్నారు. సంఘమంతా ఫక్కుమంది. అయ్యగారు ఆమేన్ తొందరగా చెప్పేశారు. నాయన పైగుడ్డ నోట్లో కుక్కుకున్నాడు.

పెట్టను అయ్యగారు తీసుకుపోయారు. పుంజును గుడి బయట వేలంలో కాశింబీ పాడుకుంది. సాయంత్రం చూస్తే మా గూట్లో ఉంది. పొద్దున ఆమె వచ్చి తీసుకుపోయింది. సాయంత్రానికి మళ్ళీ వచ్చింది. కాలికి తాడు కట్టినా కొరుక్కుని, గోడ ఎక్కి, సరిగ్గా దీపాలు పెట్టే వేళకు మా బండ తలుపు ముందర నిలబడేది. "మీ యూదా వచ్చినాడా అవ్వా?" అని కాశింబీ గోడ మీది నుంచి కేకేసేది. కొన్నాళ్ళకు ఆమే విసిగి, "ఉండనీ, కూత మాకు గూడా వినబడతాదిలే" అంది. అవ్వ బండ జరుపుతూ ప్రతి సాయంత్రం ఒకటే మాట అనేది: "ఆ యూదా ఒక్కసారి వెనక్కి తిరిగి వచ్చింటే ఆయన కాదనేటోడా? మనోడు రోజూ వస్తాండాడు, చూడమ్మే." ఎన్నో ప్రసంగాలు విన్నాను, కొన్ని నేనే చెప్పాను. ఆ బండ తలుపు దగ్గర విన్నంతటిది ఇంకోటి వినలేదు.

ఇప్పుడు నా యంత్రానికి అన్నీ తెలుసు. వేడి ఎంతో తెలుసు, తడి ఎంతో తెలుసు, గుడ్లను తిప్పడం తెలుసు. గవాక్షి లేదు, ఫోను వెలుతురు చాలు. కరెంటు పోతే కీమంటుంది. కానీ అది కొక్, కొక్ అనదు. అందుకని ఎవరూ లేనప్పుడు నేనే మూతి దగ్గర పెట్టి అంటున్నాను, మధ్యలో ఒక కీర్తన కూడా వినిపిస్తున్నాను. పిల్లలైతే పెరట్లోకే వదలాలి. అక్కడ గద్దకు తోడు ఇప్పుడు పిల్లులు, వీధికుక్కలు. వీటికి కావలి ఎవరా అని దిగులుపడుతూ ఉన్నాను, మొన్నటిదాకా.

తన వంతు గుడ్డుకు యూదా పేరు పడిన మెర్సీకి ఎందుకో వారం నుంచి టీవీ గుర్తులేదు. బడి నుంచి రాగానే సంచి విసిరేసి యంత్రం ముందు కూర్చుంటోంది. పెరటి గోడ మీద పిల్లి కనిపిస్తే చెప్పు తీస్తోంది. నిన్న సాయంత్రం నా దగ్గరికొచ్చి, గోడ వైపు చూస్తూ, "జేజీ, గుడికి ఒకటే ఇవ్వాలా? రెండిస్తే తప్పా?" అంది. కొంగు నోట్లో పెట్టుకుని, "చూద్దాంలే తల్లీ" అన్నాను. ఆదివారపు బడి పాఠాలు చెప్పేది నేనే. అననీయ సప్పీరాలు మాత్రం ఈ ఏడు వద్దు, ఆ వయసులో అది ఎంత బరువో నాకు తెలుసు. అంతకుమించి నేను చేసేదేమీ లేదు. కోత పండగ ముందటి శనివారం తనే వస్తుంది. నేను చీపురు పక్కన పెట్టి వింటాను. అప్పటిదాకా మా పెరట్లోంచి ఒక్క పిల్ల కూడా గద్దకు పోదు.